ఫోను ఇంటికొచ్చే వేళ

2025 జులై 8, మంగళవారం

పదో తరగతికి మొదటి పీరియడ్ నా జీవశాస్త్రం. ఇవాళ పత్రరంధ్రం బొమ్మ బోర్డు మీద గీసి వెనక్కి తిరిగేసరికి మగపిల్లల వైపు చివరి రెండు బెంచీలు తూగుతున్నాయి. కిటికీ పక్కన కూచునే అమ్మాయి కళ్లు తెరిచే ఉంది గానీ చూపు పాఠం మీద లేదు. మబ్బు పట్టిన చల్లని పొద్దు, ఇంకా పది కూడా కాలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే కునుకు ఎలా ఉంటుందో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. వీళ్లది రాత్రి చాలని నిద్ర.

పాఠం ఆపి అడిగాను. ఫోను ఎన్ని గంటలు చూస్తారని అడిగితే పిల్లలు తగ్గించి చెబుతారు, పెద్దలైనా అంతే. అందుకని ఫోను ఎన్నింటికి చేతికొస్తుందని అడిగాను. ఇందులో దాచుకునేది ఏమీ లేదు కాబట్టి గబగబా చెప్పేశారు.

"ఫోన్ మా నాయిన కాడుంటది మేడం. రాత్రి ట్రాక్టర్ తోలుకొని వచ్చినంకనే దొరుకుతది."

"మా అన్న పండుకున్నంక నాకు."

"మాది అమ్మ ఫోన్. బీడీలు చేసుకుంట సీరియల్ చూస్తది. అది అయినంక నాకిస్తది."

సగానికి పైగా ఇళ్లలో ఇదే వరస. పట్నంలో పిల్లలకు ఎవరి ఫోను వాళ్లకు ఉంటుందేమో. కోరుట్ల చుట్టుపక్కల మా ఊళ్లలో ఇంటికి ఒకటి, ఎక్కువైతే రెండు. పగలంతా పనికి పోయే మనిషి జేబులో తిరిగి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. పిల్లల వంతు వచ్చేసరికి పడుకునే వేళ అవుతుంది. రోజుకు రెండు గంటలు మించకూడదని పత్రికల్లో రాస్తారు. వీళ్లు చూసేది కూడా రెండు గంటలే కావచ్చు. కానీ అవి పదికి మొదలై పన్నెండుకు అయిపోతున్నాయి.

అందరూ చెప్పాక కిటికీ పక్క అమ్మాయి మెల్లగా అంది: "మా డాడీ సౌదిల ఉంటడు మేడం. డ్యూటీ దిగి, వండుకొని, తిని ఇమోల వీడియో కాల్ చేసేటాలకు మనకు పదకొండున్నరైతది."

జులై 10, గురువారం

ఆ అమ్మాయి మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. సౌదీకి మనకు రెండున్నర గంటల తేడా. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర. పైగా ఇప్పుడు అక్కడ ఎండలు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్య బయట ఎండలో పని చేయించకూడదని వాళ్ల ప్రభుత్వ నిబంధన. ఆ మూడు గంటలూ ఆగి, డ్యూటీ చీకటి పడేదాకా సాగుతోందట. తండ్రి ఒంటికి అది మంచిదే. ఇక్కడ కూతురు అర్ధరాత్రి దాకా మేలుకుంటోంది. పొద్దున అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి, చల్లి, నల్లా నీళ్లు పట్టాలి. అయిదు గంటల నిద్ర కూడా లేదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈ వయసులో ఒంట్లోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను ఆలస్యంగా వదులుతుంది. మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పరిశోధనతో ఇదే చూపించారు. పది దాటినా నిద్ర రావట్లేదని పిల్లలు అంటే అది మొండితనం కాదు. అసలే నిద్ర ఆలస్యమయ్యే వయసు, సరిగ్గా ఆ వేళకే ఇంట్లోకి ఫోను వస్తోంది.

నిద్ర చెడడానికి తెర వెలుగు ఒక్కదాని మీదే నింద వేయడం నాకు ఒప్పుదల కాదు. వెలుగు తగ్గించే కళ్లజోళ్లు అమ్ముతున్నారు గానీ ఆటలో ఓడిపోయిన కసి, పంపిన మెసేజీకి జవాబు రాలేదన్న గుబులు ఏ కళ్లజోడుకు ఆగుతాయి? మనసు ఎగదోసుకుని ఉన్నప్పుడు దీపం ఆర్పినా నిద్ర రాదు.

నిద్ర చాలని పిల్లల్లో మొదట కనబడేది కోపం. చిన్న మాటకే ఏడుపు. తర్వాత దేని మీదా ఆసక్తి లేకపోవడం. దీనికి మనం పెట్టే పేరు "పొగరు".

జులై 19, శనివారం

ఇవాళ తల్లిదండ్రుల సమావేశం. వచ్చినవాళ్లలో తల్లులే ఎక్కువ. చాలామంది వేళ్ల కొసలకు తంబాకు వాసన. వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దున్నుంచి రాత్రి దాకా చాట ఒళ్లోంచి దిగదు.

మా ఏడో తరగతి పిల్లవాడి తల్లి చంకలో రెండేళ్ల చంటివాడితో వచ్చింది. వాడి చేతిలో ఫోను, అందులో ఆవుదూడ పాట. తీసుకోబోతే కేకలు. మాటలింకా రాలేదట, "అమ్మ" ఒక్కటే అంటాడట. అప్పటికే అక్కడున్నవాళ్లు ఆమెను తలా ఒక మాట అనేశారు. ఆమె నా వైపు తిరిగి అడిగింది: "రెండు చేతులు బీడీలకే సరిపాయె. మరి పోరన్ని ఎవలు ఎత్తుకోవాలె మేడం?"

ఈ ప్రశ్నకు నా దగ్గరున్న కాగితాల్లో జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు అసలు వద్దంటుంది, దూరాన ఉన్న అయినవాళ్లతో వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. ఆ మినహాయింపు రాసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది. మా మండలంలో తండ్రి ముఖం అందులోనే చూసిన పిల్లలు చాలామంది.

మాట ఎలా వస్తుందో ఆమెకు చెప్పాను. బిడ్డ "ఉఁ" అంటే మనం "ఏందిరా" అనాలి, మళ్లీ వాడు ఏదో అనాలి. తెరలో ఆవు ఎంత పాడినా వాడి "ఉఁ"కు బదులు పలకదు. మాట నేర్పేది ఆ బదులే. చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీ కదమ్మా, ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తున్నానని చెప్పు, వాడు చూసినదాని పేరు చెప్పు, పాట కావాలంటే ఫోను బోర్లా పెట్టి విననివ్వు అన్నాను. చెవి పరీక్ష కూడా చేయించమన్నాను. రెండేళ్లకు మాటలు రాలేదంటే కారణం ఫోనేనని మనమే తీర్పు చెప్పకూడదు, వినికిడి ముందు చూడాలి.

వెనకటికి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూడి బీడీలు చుట్టేవాళ్లు, మధ్యలో పిల్లలు పాకేవాళ్లు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు తలుపు దగ్గరకు వేసుకుని చుట్టుకుంటున్నారు. బిడ్డకు తగ్గింది ఆ నలుగురి మాటలు. ఫోను ఆ ఖాళీలోకి వచ్చింది.

ఆగస్టు 3, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేరు. పొద్దంతా చదువుకున్నాను.

ఫోను పిల్లల మనసును చెడుపుతుందా అన్న వాదనలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జీన్ ట్వెంగే, జొనాథన్ హైట్ ఒక వైపు. 2012 తర్వాత పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్లో, ముఖ్యంగా అమ్మాయిల్లో దిగులు, ఆందోళన ఎందుకు పెరిగాయంటే స్మార్ట్‌ఫోను వల్లే అంటారు. హైట్ పుస్తకం 2024లో వచ్చింది, చాలా దేశాల్లో బడుల్లో ఫోన్ల నిషేధానికి ఊపు ఇచ్చింది. ఇంకో వైపు పరిశోధకులు ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ. వాళ్లు మూడున్నర లక్షల పైచిలుకు కౌమార పిల్లల వివరాలు వడబోసి 2019లో రాశారు: పిల్లల మనసు బాగోగుల్లోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది మహా అయితే 0.4 శాతం. ఆలుగడ్డలు తినడానికీ మనసు బాగోగులకూ లెక్కల్లో దాదాపు అంతే సంబంధం కనిపించిందట. కాండిస్ ఆడ్జర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త హైట్ పుస్తకాన్ని సమీక్షిస్తూ, అప్పటికే దిగులుగా ఉన్న పిల్లలే ఫోనును ఎక్కువగా పట్టుకుంటారని గుర్తుచేశారు.

మా స్టాఫ్ రూములో దీని మీద వాదన పడితే తెగదు. సోషల్ సారు దృష్టిలో అన్నిటికీ మూలం ఫోనే. నా మట్టుకు నాకు రెండు వైపులా నిజం కనబడుతోంది. 0.4 శాతం అనేది లక్షల మంది సగటు. ఆ సగటులో ఫోనులో చదరంగం నేర్చుకుని సంతోషంగా ఉన్నవాడు, రాత్రంతా ఎవరో తిట్టిన తిట్లు చదువుకుంటూ ఏడ్చిన అమ్మాయి పక్కపక్కనే ఉంటారు. ఒకరిది పెరిగి ఒకరిది తగ్గితే కూడికలో ఏమీ కనబడదు. నాకు సగటు పిల్లవాడు పాఠం వినడానికి రాడు. ఈ అమ్మాయి, ఆ అబ్బాయి వస్తారు.

అయినా ఒక విషయంలో రెండు పక్షాలకూ పెద్ద తగువు లేదు. నిద్ర చెడితే మనసు చెడుతుంది. నేను పట్టుకోగలిగిన కొస అదొక్కటే అనిపిస్తోంది.

ఆగస్టు 23, శనివారం

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే బిల్లుకు పార్లమెంటు ఆమోదం వచ్చింది, నిన్న రాష్ట్రపతి సంతకం కూడా అయింది. మంచిదే. రమ్మీలో పోగొట్టుకున్న తండ్రులు ఈ ఊళ్లోనూ ఉన్నారు. మా మగపిల్లలు ఆడే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ దీని కిందికి రాదు.

తొమ్మిదో తరగతివాడి తల్లి బడికి వచ్చి "వీనికి ఆట పిచ్చి వట్టింది, దవఖానకు తోలాల్నా?" అని అడిగింది. ఆట వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ ఆ పేరు పెట్టడానికి గట్టి షరతులున్నాయి. ఆట మీద అదుపు తప్పాలి, తిండి, చదువు, స్నేహాలు అన్నిటికన్నా ఆటే ముందుకు రావాలి, నష్టం కనబడుతున్నా మానలేకపోవాలి, అది కూడా మామూలుగా ఏడాది పాటు సాగాలి. వీడు సాయంత్రం కబడ్డీకి వస్తాడు, మార్కులు తగ్గలేదు, తోటివాళ్లతో కలుస్తాడు. దవఖాన అక్కర్లేదమ్మా, రాత్రి తొమ్మిదికి ఫోను నీ దగ్గరికి రావాలి అన్నాను. ఆట మధ్యలో గుంజుకోవద్దని కూడా చెప్పాను. ఆ ఆటలో నలుగురు జట్టుగా ఆడతారు, మధ్యలో పోతే మిగతా ముగ్గురూ వీణ్ని తిడతారు. "ఈ ఆట అయినంక ఇయ్యి" అంటే ఇస్తాడు.

సెప్టెంబరు 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. చెరువు కట్ట మీద ఊరంతా ఉంది. గునుగు, తంగేడు, బంతి. ఈసారి వానలు బాగా పడి తంగేడు విరగబూసింది. మా బడి ఆడపిల్లలంతా పట్టు లంగాల్లో. ఆట ఆడేవాళ్లెంతమందో ఫోను పట్టుకుని తీసేవాళ్లూ అంతమంది. తీయడం తప్పని నేననను. పండగ పూట బాగా తయారైన పిల్ల తనను తాను చూసుకోవాలనుకుంటుంది, నలుగురూ చూడాలనుకుంటుంది.

రాత్రి పదో తరగతి అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది, గొంతులో ఏడుపు. అన్న ఫోనులోంచి పెట్టిన రీల్ కింద ఎవడో ముక్కూమొగం తెలియనివాడు ఆమె ఒంటి రంగు మీద మాట రాశాడు. దాని కింద ఇంకో ఇద్దరు నవ్వారు. ఆమె రీల్ తీసేసింది. అన్న "నిన్నెవలు పెట్టమన్నరు" అని కొట్టబోయాడు. రేపటి నుంచి ఫోను ముట్టొద్దన్నాడు.

రాసినవాడిది తప్పు, శిక్ష పడింది ఆమెకు. గ్రామాల్లో ఉండే 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 'అసర్' 2023 సర్వే గుర్తొచ్చింది: స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు నూటికి దాదాపు 44, అమ్మాయిలు 20. మిగతా ఎనభై మంది అమ్మాయిలూ అన్న దగ్గరో తండ్రి దగ్గరో అడుక్కుని చూడాలి. అందుకే ఏదైనా జరిగితే ఇంట్లో చెప్పరు, ఉన్నదీ పోతుందని. భయంతో ఒంటరిగానే మోస్తారు. 2021లో మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ లోపలి కాగితాల్లోనే ఉంది, తమ ఒంటి తీరు నచ్చక బాధపడే అమ్మాయిల్లో మూడోవంతు మంది ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఎక్కువైందని చెప్పినట్టు. వాళ్లకు తెలుసు. తెలిసీ నడిపారు. ఇది రాస్తుంటే నాకు కోపం ఆగట్లేదు.

ఆ అన్నతో మాట్లాడాను. మాట అన్నవాడిని వదిలి చెల్లెలి మీద చెయ్యెత్తితే, రేపు ఇంతకన్నా పెద్దది ఏదైనా జరిగినా నీకు చెప్పదు బిడ్డా అన్నాను. చాలాసేపటికి "సరే మేడం" అన్నాడు.

అక్టోబరు 17, శుక్రవారం

సెలవుల తర్వాత తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి తగ్గిపోయాడు. ఒళ్లూ తగ్గింది, మాటా తగ్గింది. కబడ్డీకి పిలిస్తే "రాను" అంటాడు. మధ్యాహ్నం కంచం పట్టుకుని వరసలో నిలబడడు. వాళ్లమ్మ లెక్కన అంతా ఫోనే. రాత్రి రెండింటి దాకా ఏవో వీడియోలు చూస్తుంటాడు, ఫోను పగలగొడితే గానీ బాగుపడడంటుంది.

ఏది ముందు మొదలైంది అని అడిగాను, ఫోనా, నిద్ర పట్టకపోవడమా? ఆమె ఆలోచించి చెప్పింది. భర్త గల్ఫ్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీకి తెచ్చింది. అప్పుల వాళ్లు ఇంటి ముందుకు వస్తున్నారు. పిల్లవాడు అప్పటి నుంచే నిద్రపోవట్లేదు. వీడియోలు తర్వాత వచ్చాయి. చీకట్లో తండ్రి నిట్టూర్పులు వినలేక చెవుల్లో పెట్టుకున్నవి అవి.

లైబ్రరీ గదిలో వాణ్ని ఒక్కణ్నే కూచోబెట్టుకుని సూటిగా అడిగాను, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది జంకుతారు. అలా పుట్టదు. అడిగినవాళ్లు దొరికితే బరువు దిగుతుంది. కాసేపు నేల చూసి, "అనిపిస్తది మేడం. గని చెయ్య" అన్నాడు. వాళ్లమ్మను కూచోబెట్టుకుని 14416కు ఫోన్ చేశాం. అది టెలీ మానస్, మనసు కష్టాలు చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడారు. పిల్లవాడు నాకు చెప్పనిది వాళ్లకు చెప్పాడు. సోమవారం జగిత్యాలలో డాక్టరుకు చూపించమన్నారు. అప్పటిదాకా రాత్రిపూట ఒంటరిగా వదలొద్దని, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే తీసెయ్యమని చెప్పారు. ఆ మాట విని వాళ్లమ్మ లేచి నిలబడింది, ఇంటికి పరుగున పోయింది.

ఫోను గుంజుకుని పగలగొట్టి ఉంటే ఆ రాత్రుల్లో వాడికి ఉన్న ఆ ఒక్క తోడూ పోయేది, అప్పు మాత్రం అలాగే ఉండేది.

నవంబరు 3, సోమవారం

వాడు మందులు వేసుకుంటున్నాడు. ఇవాళ మధ్యాహ్నం కంచం పట్టుకుని వరసలో కనబడ్డాడు.

నవంబరు 17, సోమవారం

స్టాఫ్ మీటింగులో నేను ఎత్తిన విషయం: పదో తరగతి హోంవర్కు, ప్రత్యేక తరగతుల సమాచారం రాత్రి తొమ్మిది తర్వాత వాట్సాప్ గ్రూపులో పెట్టడం. 2020లో కరోనా వేళ పిల్లల చేతికి ఫోను ఇచ్చింది మనమే, బడులే. సెప్టెంబరు 1 నుంచి టీవీలో యాదగిరి, టీ-శాట్ పాఠాలు, దాని వెనకే వాట్సాప్‌లో వర్క్‌షీట్లు. అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు బడి నడుస్తోంది, బోర్డు ఉంది, సుద్దముక్క ఉంది. హోంవర్కు చూడాలనే సాకుతో పదింటికి ఫోను తెరిచిన పిల్లవాడు హోంవర్కు చూసి మూసేస్తాడా? ఏ తల్లి అయినా "చదువు కోసమే" అంటే ఎలా కాదంటుంది?

లెక్కల సారు ఒప్పుకోలేదు. బడికి రానివాళ్లకు ఎలా తెలుస్తుందన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. హెచ్‌ఎం సారు మధ్యేమార్గం చెప్పారు: సాయంత్రం బడి వదిలేలోపు బోర్డు మీద రాయాలి, రానివాళ్ల కోసం ఆరింటి లోపు గ్రూపులో పెట్టాలి, ఆ తర్వాత ఏమీ పెట్టకూడదు. సంక్రాంతి దాకా చూద్దామన్నారు.

డిసెంబరు 9, మంగళవారం

రేపు నాకు పంచాయతీ ఎన్నికల డ్యూటీ. సామాన్లు సర్దుకుంటూ పేపరు చూశాను. రేపటి నుంచే ఆస్ట్రేలియాలో పదహారేళ్ల లోపు వాళ్లకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు, కంపెనీలకే జరిమానా, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. భారం కంపెనీ మీద పెట్టడం నాకు నచ్చింది. సెప్టెంబరులో ఏడ్చిన ఆ అమ్మాయి కోసం కూడా నచ్చింది.

క్లాసులో చెబితే ఒకడు అడిగాడు, "మనకు గూడ వస్తదా మేడం?" ఇంకొకడే జవాబిచ్చాడు: "వస్తె ఏందిరా, మన ఖాతాలన్ని నాయినల పేరు మీదనే గదా." తండ్రి ఫోను, తండ్రి పేరు, తండ్రి పుట్టిన తేదీ. చట్టం ఇక్కడికి వచ్చినా మా ఇళ్లలో రాత్రి సంగతి మేమే చూసుకోవాలి.

కిటికీ పక్క అమ్మాయి సంగతి రాయాలి. తండ్రి తెల్లవారి నాలుగింటికే లేస్తాడు, మనకు ఆరున్నర. ఆ వేళకు చేయించుకో అన్నాను. కొన్నాళ్లు చేశాడు. తర్వాత ఆమే చెప్పింది: "అప్పుడు డాడీ కంపెనీ బస్సుల ఉంటడు మేడం. పక్కపొంటి అందరు ఇంటరు. బాగున్నవా, తిన్నవా, అంతే. ఏం మాట్లాడనియ్యది." పది నెలలుగా చూడని తండ్రితో అంతే మాట్లాడుకొమ్మని నేనెలా చెప్పను? తల్లీకూతుళ్లు ఇద్దరూ కూచుని వాళ్లే తేల్చుకున్నారు. పనిరోజుల్లో బస్సులోంచే రెండు మాటలు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు బడి నుంచి వచ్చాక అయిదింటికి, అక్కడ రెండున్నరకు, ఎంతసేపైనా. రాత్రి పదింటికల్లా ఫోను వంటింటి గూట్లో చార్జింగుకు.

ఇవాళ మొదటి పీరియడ్‌లో ఆ అమ్మాయి రెండు ప్రశ్నలడిగింది. క్లాసులో ఇంకా ముగ్గురి తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. ఒకరు కువైట్, అక్కడ కూడా రెండున్నర గంటల తేడానే. ఇద్దరు మస్కట్, గంటన్నరే తేడా, వాళ్లకు లెక్క వేరేగా వేయాలి. ఎన్నికల డ్యూటీ అయ్యాక ఆ ముగ్గురు తల్లులనూ కలవాలి. ముందు మస్కట్ వాళ్లు.